రజని గొంతుకు లెన్సు వెతికిన కమలాకర్

రజని గొంతు తెలియనివాళ్లు మా సందులో ఎవరైనా ఉంటే వాళ్లు నిన్ననే హాస్టల్లో దిగిన పిల్లలై ఉండాలి. వాళ్లకూ తెల్లారేసరికి తెలిసిపోయేది. మూడో అంతస్తు కిటికీలోంచి ఆమె "ఓ టమాటలన్నా!" అని ఒక్క కేక వేసిందంటే కింద బండి ఆగడం పెద్ద విషయం కాదు, అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద బస్సులకు బ్రేకులు పడేవి. ఒకసారి మెట్రో డ్రైవరు తననే పిలిచారనుకుని స్టేషన్ రాకముందే రైలు ఆపాడని కూడా చెప్పుకుంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. రజని కేక విన్నవాళ్లెవరూ ఇంతవరకు అది అబద్ధం అనలేదు.

ఆమె తప్పేం లేదు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, ఇంట్లోనే సాంచాలు. సాంచాలంటే కరెంటు మగ్గాలు, పగలంతా టకటకమని చెవులు పగలగొడతాయి. ఆ మోత మధ్య తల్లిని అన్నం అడగాలన్నా అరవాల్సిందే. అట్లా అరిచి అరిచి ఆ గొంతు ఇనుములా తయారైంది. పెళ్లయి పట్నం వచ్చాక సాంచాలు లేవు, గొంతు మాత్రం అట్లాగే ఉండిపోయింది. బతుకమ్మ వచ్చిందంటే సందులో ఆడవాళ్లందరూ ఆమె వెనకే. రజని ఎత్తుకోకపోతే పాట కదిలేది కాదు.

మొగుడు కమలాకర్ దీనికి పూర్తిగా ఉల్టా. రోజు మొత్తంలో అతను మాట్లాడే మాటలు అగ్గిపెట్టెలో పుల్లలకంటే తక్కువ. పెళ్లి వీడియోలు తీస్తాడు. సందు చివర చిన్న షటరు, దాని మీద 'రజని డిజిటల్ వీడియోస్' అని బోర్డు. పెళ్లాం పేరు బోర్డుకు పెట్టుకున్న మగవాడు మా సందులో అతనొక్కడే. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఒకరు మాట్లాడేవారు, ఒకరు వినేవారు, అంతే కాపురం.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. పెళ్లికూతురి ముక్కుపుడక మీద ఫోకస్ పెట్టాడంటే అందులో రాయికి ఎన్ని మూలలున్నాయో లెక్కపెట్టొచ్చు. వెనకాల మంటపం లైట్లన్నీ కరిగిపోయి బూందీ లడ్డూల్లా గుండ్రంగా తేలుతుంటాయి. లడ్డూలు ఎంత పెద్దగా వస్తే అంత మంచి లెన్సు. బంజారాహిల్స్ వాళ్లు కూడా లడ్డూల కోసం అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

పెళ్లి వీడియోలో ఇంకో సంగతి ఉంది. అందులో మాటలుండవు, పాటలే. తాళి కట్టేటప్పుడొకటి, అప్పగింతలకొకటి, ఊరేగింపుకొకటి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించి ఇస్తారు. పూర్వం కమలాకర్ కెమెరాలో సౌండ్ కూడా పడేది. ఒకసారి యూసుఫ్‌గూడ ఫంక్షన్ హాల్లో జీలకర్ర బెల్లం పెడుతుండగా పెళ్లికొడుకు మేనత్త పక్కావిడతో, "పిల్ల పండ్లు సూసినవా? కొబ్బరికాయ కోరొచ్చు" అంది. ఆ ముక్క ఎక్కడో పాట సందులో మిగిలిపోయింది. పెళ్లికూతురి ఇంట్లో అరవైమంది చుట్టాలు కూర్చుని పెద్ద టీవీలో చూస్తుంటే ఖణేల్‌మని వినబడింది. ఆ పంచాయితీ యూసుఫ్‌గూడలో మొదలై బోరబండ దాటింది. ఆ రోజే కమలాకర్ కెమెరాలో సౌండు బంద్ చేశాడు. మళ్లీ ఎప్పుడూ తెరవలేదు. ఎవరూ అడగలేదు కూడా.

*

పోయిన వానాకాలం రజని గొంతు బొంగురుపోయింది. ముందు జలుబన్నారు. ఎదురు పోర్షన్ అంజమ్మ మిరియాల కషాయం కాచింది. హాస్టల్ వార్డెన్ తేనె పంపింది. పాలవాడు కూడా ఒక వైద్యం చెప్పాడు. మొత్తం మీద మా సందు వైద్యాలన్నీ ఆ గొంతులోంచి దిగాయి, గొంతు మాత్రం రోజురోజుకూ అరిగిపోయింది. టమాటల బండివాడు ఒక పొద్దున ఆగకుండా వెళ్లిపోయాడు. పిలిచినట్టే వినబడలేదట. అప్పుడు కమలాకర్‌కు భయం పట్టుకుంది.

సోమాజిగూడలో ఒక ఆస్పత్రి. డాక్టరు సూర్యనారాయణ కోస్తా మనిషి, పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు. గొట్టం పెట్టి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు, రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"ఏంటమ్మా, ఇన్నాళ్లూ కషాయాలు తాగుతూ కూర్చున్నారా? ఇది క్యాన్సర్. స్వరపేటిక, అదే మాటపెట్టె, మొత్తం తీసేయాలి. ప్రాణానికి ఢోకా ఉండదు, అది నేను చూసుకుంటాను. గొంతు మాత్రం ఉండదు."

కమలాకర్ బల్ల మీదున్న పేపర్‌వెయిట్ ఇటునుంచి అటు జరిపాడు. "మొత్తంకే పోతదా సార్?"

"కొన్నాళ్లయ్యాక మెషీన్ సాయంతో మాట్లాడొచ్చు. కానీ అది ఈవిడ గొంతులా ఉండదు. మీరేం చేస్తుంటారు?"

"పెండ్లి వీడియోలు తీస్త సార్."

"మరింకేం! ఆపరేషన్‌కు ముందే ఆవిడ చేత నాలుగు మాటలు చెప్పించి రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత మీరెంత కావాలనుకున్నా దొరకదు."

దసరా దాటాక ఆపరేషన్ అన్నారు. ఇంటికి వస్తూ ఆటోలో రజని ఏడవలేదు. "ఇగ నీకు నిమ్మలం, ఇంట్ల సప్పుడు ఉండదు" అని మొగుణ్ని పొడిచింది. కమలాకర్ అప్పటికే కెమెరా గురించి ఆలోచిస్తున్నాడు.

*

మర్నాడు కెమెరా బీరువా తెరిచాడు. ఉన్న జూమ్ లెన్సు అద్దంలో బూజు పట్టింది, హైదరాబాదు వానలకు లెన్సులకు పట్టే బూజు. పెళ్లివాళ్లకు అది కనబడదు. అతనికి కనబడింది. ఆ లెన్సు పక్కన పెట్టేశాడు.

అంజమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. మా సందులో ఏ ఇంట్లో చెంచా కింద పడ్డా ఆమెకు వినబడుతుంది.

"గిదేం పెద్ద పని తమ్మీ? ఇగో, నా ఫోన్ తీస్కో. గీ ఎర్రది ఒత్తితె అయిపాయె. ఇప్పుడే మాట్లాడిపియ్యి."

కమలాకర్ ఆమె వైపు దొంగను చూసినట్టు చూశాడు. "ఫోన్లనా అక్కా? ఊరోళ్ల పెండ్లాలకేమో ఇంతింత కెమెరాలు వెట్టి తీస్త. నా పెండ్లాన్ని ఫోన్ల తియ్యాల్నా?"

"ఏ కెమెరా అయితేందయ్యా," అంది రజని సగం గొంతుతో, "మాట్లాడేది నేనే గదా."

"నువ్వూకో. ఒక్కసారే తీసేది. మంచిగ తియ్యాలె."

ఆ 'మంచిగ' అనే మాటే వాళ్ల కొంప ముంచింది.

పంజాగుట్టలో ఒక బిల్డింగు సెల్లార్‌లో విజయేందర్ లెన్సులు కిరాయికిస్తాడు. సినిమావాళ్లు, యూట్యూబ్ వాళ్లు, పెళ్లివాళ్లు అందరూ అక్కడికే. ఆ సెల్లార్‌లో ఉన్న గాజంతా కరిగిస్తే హుస్సేన్‌సాగర్‌కు మూత వేయొచ్చని అంటారు. కమలాకర్ సంగతి విన్నాక విజయేందర్ ఏ లెన్సు కావాలన్నా తీసుకెళ్లు, ట్రయల్ చూసుకో అన్నాడు. కమలాకర్ ఇక పంజాగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య పెళ్లిళ్ల పేరయ్యలా తిరగడం మొదలుపెట్టాడు. ఇవాళొక సంబంధం తేవడం, రేపు వంక పెట్టి వెనక్కివ్వడం.

మొదట ఇరవై నాలుగు–డెబ్భై జూమ్ తెచ్చాడు. లెన్సులకు పేర్లు అంకెలే, అంకె పెరిగేకొద్దీ మనిషికి దూరంగా జరిగి తీయాలి. రజనిని కిటికీ పక్కన మంచం మీద కూర్చోబెట్టాడు. చిన్న గది కదా, గదిని పట్టించాలని వెడల్పుగా పెట్టి దగ్గరికెళ్లి తీస్తే గదంతా వచ్చేసింది. కుట్టుమిషన్, గ్యాస్ సిలిండర్, తలుపు వెనక తగిలించిన లుంగీ, అన్నీ. రజని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందయ్యా ఇది! నా ముక్కు జామకాయ లెక్క కొడ్తున్నది. గిది జూస్తె మా అమ్మ సుత గుర్తుపట్టది."

ఆ సంబంధం పోయింది. తర్వాత యాభై తెచ్చాడు. ముక్కు సరిపోయింది, మొహం మన కంటితో చూసినట్టే ఉంది. కానీ వెనక కర్టెన్ మీద పువ్వులు లెక్కపెట్టేంత క్లియర్‌గా కనబడుతున్నాయి. "చూసేటోడు నిన్ను జూస్తడా, కర్టెన్ జూస్తడా?" అన్నాడు. అసలు చూసేవాడెవరు? అతనే కదా. ఆ మాట అతనికి తట్టలేదు.

ట్రయల్ తీసిన ప్రతిసారీ రజని ఏదో చెప్పబోయేది. కమలాకర్ చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"అసలు మాటలు ఇప్పుడే చెప్పకు. మంచి లెన్స్ వచ్చినంక చెబుదువు. ఇప్పుడు ఊకె ఒకటి, రెండు అను."

ఆమె ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. ఉన్న కాస్త గొంతూ అంకెలకే ఖర్చయింది. ఆ అంకెలు ల్యాప్‌టాప్‌లో వినబడ్డాయా లేదా అని ఇద్దరిలో ఎవరూ చూడలేదు, బొమ్మే చూశారు.

ఆ తర్వాత ఎనభై ఐదు. దాంతో తీసింది ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఇద్దరూ నోరు తెరిచారు. కర్టెన్ పువ్వులన్నీ కరిగిపోయాయి, లుంగీ పొగలా మారింది, కిటికీ అవతల హాస్టల్ బోర్డు లైట్లు లడ్డూలయ్యాయి. మధ్యలో రజని మొహం, ముక్కుపుడక దీపంలా. ఆమె కళ్లకింద నలుపు కూడా అందంగానే వచ్చింది.

"గిది నేనేనా?" అంది రజని. చాలాసేపు తనను తాను చూసుకుంది.

ఎవరైనా అయితే ఆ పూటే తీసేసేవారు. కమలాకర్ కంపెనీ మారిస్తే ఎలా ఉంటుందో అన్నాడు. ఇంకో ఎనభై ఐదు తెచ్చాడు. ఒకటి చర్మాన్ని పసుపు పూసినట్టు చూపిస్తుంది, ఒకటి కొంచెం ఎర్రగా. రెండూ పక్కపక్కన పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఒకే రజని ఇటు పసుపుగా, అటు ఎర్రగా. రోజులు గడిచిపోతున్నాయి. బతుకమ్మ వచ్చింది, వెళ్లింది. ఆమె పాట ఎత్తలేదు, చప్పట్లు మాత్రం కొట్టింది. పొద్దుటిపూట కాస్త గొంతు ఉండేది, మధ్యాహ్నానికి గాలి మిగిలేది.

అంజమ్మ ఒకరోజు మెట్ల మీద అతని చొక్కా పట్టుకుంది. "లెన్సు లెన్సు అని తిరుగుతున్నవ్, దాని గొంతు ఆగుతదారా నీకోసం? లెన్స్ దొరకకపోతే ఆపరేషన్ ఆగుతదనుకుంటున్నవా?"

కమలాకర్ చొక్కా విడిపించుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం తగలాల్సిన చోటే తగిలి ఉంటుంది. అందుకే ఆ రోజే పంజాగుట్టకు పోయి ఎర్రగా చూపించే ఎనభై ఐదు ఖాయం చేశాడు. విజయేందర్ పెట్టెలో పెట్టిస్తూ ఒక మాట చెప్పాడు.

"అన్నా, దీనిది ఆటోఫోకస్ మోటారు జర గర్రుమంటది. సౌండ్ల పడ్తది, సూస్కో."

"సౌండెవనిక్కావాలె తమ్మీ, మీద పాటేస్తం గదా" అన్నాడు కమలాకర్.

పెళ్లాం గొంతు దాచుకోవడానికి లెన్సు తీసుకెళ్తున్న మనిషి అన్న మాట అది. నోరు అలవాటు చొప్పున అనేసింది, మనసు వినలేదు. విజయేందర్ కూడా అందరు పెళ్లి వీడియోవాళ్లు అనే మాటే కదా అని ఊరుకున్నాడు.

*

ఆస్పత్రిలో చేరాల్సిన ముందురోజు పొద్దున తీశాడు. రజని తలస్నానం చేసింది. సిరిసిల్ల నుంచి పుట్టింటివాళ్లు పెట్టిన ఆకుపచ్చ చీర కట్టింది. పూలు పెట్టుకుంది. హాస్టల్లో నీళ్ల మోటారు ఆపించారు, బోర్డు లైట్లు వేయించారు. కుక్కర్ కూతలు పెట్టొద్దని అంజమ్మ మూడు అంతస్తులూ తిరిగి చెప్పొచ్చింది.

ట్రయల్లో మొహం ఒక్కటే తీశాడు, ఇప్పుడు చీరా పూలూ కూడా రావాలంటే ఎనభై ఐదుకు దూరం కావాలి. గది చాలలేదు. కమలాకర్ వెనక్కి జరిగి జరిగి గడప దాటాడు, మెట్ల మలుపులో స్టాండు వేశాడు. పెళ్లాం లోపల కిటికీ దగ్గర, మొగుడు బయట మెట్ల మీద. మధ్యలో ఎవరూ రావొద్దని అంజమ్మను కిందికి పంపి వాకిలి దగ్గర కాపలా పెట్టాడు. ఇప్పటికీ మా సందులో అందరూ దీనికే తల కొట్టుకుంటారు. ఏ రికార్డరైనా అంజమ్మ చెవులముందు దిగదుడుపే. ఆమె ఆ మెట్ల మీద ఉండి ఉంటే ఒక్క ముక్క పోయేది కాదు, పైగా నాలుగు ముక్కలు ఎక్కువే దొరికేవి.

"కెమెరా ఆనైందా?" అంది రజని.

"ఆఁ, మాట్లాడు."

ఆమె మాట్లాడింది. ఆ లెన్సు సంగతేమిటంటే, ముక్కుపుడక మీద ఫోకస్ ఉంటే చెవి మసక. మనిషి ఒక వేలెడు ముందుకు వంగితే మొహమంతా మసక. ఫోకస్ మోటారు మీద నమ్మకం లేక కమలాకర్ చేత్తోనే రింగు తిప్పుతున్నాడు. కన్ను కెమెరాకు అతుక్కుపోయింది. ఊపిరి కూడా బిగబట్టాడు. ఒకచోట ఆమె నవ్వి ముందుకు వంగింది.

"కదలకు!" అన్నాడు. "కదలకే, ఫోకస్ పోతది."

ఆమె సర్దుకుని కూర్చుంది. మళ్లీ మాట్లాడింది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది, ఒకసారి వేలు చూపించి మరీ ఏదో అంది. గొంతు అయిపోయేదాకా మాట్లాడి చేతులు తిప్పింది, ఇక చాలని. కమలాకర్ కిందికొచ్చి అంజమ్మతో, "ఒక్క ఫ్రేమ్ సుత పోలేదక్కా" అన్నాడు. అతను నవ్వడం అంజమ్మ చూడ్డం ఆ ఏడాదిలో అదే మొదలు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని కెమెరా చిన్న తెర మీద అదే చూశాడు. అటుగా వచ్చిన నర్సు సంగీత ఆగింది.

"ఎంత మంచిగున్నది అక్క! మాటలు ఇనవడ్తలేవేందన్నా?"

"కెమెరాల స్పీకర్ చిన్నగుంటదమ్మా. ఇంటికాడ పెద్ద స్పీకర్లు పెట్టి సూడాలె."

*

రజని ఇంటికొచ్చింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. ఊపిరి అక్కణ్నుంచే. పిలవాలంటే స్టీలు గ్లాసుతో కిటికీ చువ్వల మీద కొట్టేది. టమాటల బండివాడు ఇప్పుడు తనే మూడంతస్తులు ఎక్కి వస్తున్నాడు. బేరం లేకుండానే తగ్గించి ఇస్తున్నాడు. మొదటిసారి అట్లా తగ్గించిన రోజు ఆమె టమాటలు తీసుకోకుండా తలుపేసుకుంది.

కమలాకర్ షటరు సగం దించి వీడియో ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. రజని పెదాలు కదులుతున్నాయి. మాట రాలేదు. స్పీకరు వైరు ఊపాడు. వేరే స్పీకరు తెచ్చాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తెర కింద సౌండుకు ఎగుడుదిగుడుగా గీత రావాలి. అది రోడ్డు మీద తెల్లగీతలా తిన్నగా ఉంది.

మధ్యాహ్నం ఎండలో కెమెరా సంచితో పంజాగుట్ట దాకా నడిచే పోయాడు. విజయేందర్ కెమెరా తీసుకుని ఒక బటన్ నొక్కాడు, ఇంకో బటన్ నొక్కాడు. తర్వాత కెమెరా మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అన్నా... ఆడియో ఆఫ్ ఉన్నది గదా."

"తీయి మరి. ఆన్ చెయ్యి."

"ఇప్పుడు ఆన్ జేస్తే అప్పటిది రాదన్నా."

"పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు ఉంటయంటగా. డిలీటైన ఫోటోలు సుత తెస్తరంటగా."

"డిలీటైంది తేవొచ్చన్నా. పడనిదెట్ల తెస్తం?"

కమలాకర్ లెన్సు విప్పి పెట్టెలో పెట్టి, మూత బిగించి, విజయేందర్ చేతికిచ్చాడు. "మంచి లెన్స్" అన్నాడు. మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను రజని గొంతు కోసం తిరగని చోటు లేదు. ముందు తన పాత వీడియోలన్నీ తిరగేశాడు. చుట్టాల పెళ్లిళ్లలో రజని చాలాచోట్ల ఉంది, అరుస్తోంది, నవ్వుతోంది, వడ్డించేవాళ్లతో కొట్లాడుతోంది. అన్నిటిమీదా పాటే. సౌండు బంద్ చేయకముందు తీసినవన్నీ పెళ్లివాళ్ల సీడీల్లో పోయాయి, అతని దగ్గర లేవు. సందులో వాళ్ల ఫోన్లన్నీ అడిగాడు. బతుకమ్మ వీడియోలు ఏ సంవత్సరానివి చూసినా డీజే డబ్బాల మోతే. అంత గొంతూ ఆ డబ్బాల కింద పడి నలిగిపోయింది. ఇంట్లో మనిషికి ఫోన్‌లో మాట పంపే అలవాటు రజనికి లేదు. కిటికీ ఉండగా ఫోనెందుకు? అంజమ్మకు మాత్రం ఎప్పుడో రెండు ముక్కలు పంపింది. అంజమ్మ ఫోన్ తీసి వెతికి వెతికి ఏడ్చింది.

"స్టోరేజ్ నిండిందని మొన్ననే అన్నీ తుడిచేస్తి తమ్మీ. గా గుడ్ మార్నింగ్ బొమ్మలకు జాగ లేదని."

చివరికి గ్యాస్ బుకింగ్ నంబరుకు ఫోన్ చేశాడు. మీ కాల్ రికార్డు చేయబడుతుంది అని ప్రతిసారీ చెబుతారు కదా, అది గుర్తొచ్చింది. షటరు ముందు నిలబడి మాట్లాడుతుంటే సందంతా విన్నది.

"అమ్మా, మా ఇంటామె ప్రతి నెలా సిలిండర్ కోసం మీతోని కొట్లాడింది. ఆ కొట్లాట మీ తాన ఉంటది గదా. జర అదియ్యమ్మా."

అవతలి అమ్మాయి ఏమందో కానీ అతను కొంచెంసేపు విని, "సిలిండర్ వద్దమ్మా, ఉన్నది" అని పెట్టేశాడు.

రజనికి మాత్రం చెప్పలేదు. ఆమె రోజూ వేళ్లతో కెమెరా తిప్పినట్టు చూపించి అడిగేది. "ఎడిటింగ్ నడుస్తున్నది" అనేవాడు. మూడు నెలలైనా వీడియో అందని పెళ్లివాళ్లందరికీ అతను చెప్పే మాటే అది. ఇక సందు ఊరుకుంటుందా? వీడియోలో ఏదో ఉంది, అందుకే చూపించడం లేదన్నారు. సిరిసిల్లలో తండ్రి భూమి తమ్ముడికి రాసిచ్చానని చెప్పిందని ఒకరు, నా తర్వాత నువ్వు మళ్లీ పెళ్లి చేసుకో అన్నదని ఇంకొకరు, అత్తగారిని పేరుపెట్టి తిట్టిందని మరొకరు. హాస్టల్ వార్డెన్ అయితే ఆమె అందులో కొత్త బతుకమ్మ పాట కట్టి పాడిందని, దాన్ని ఎవరికో అమ్ముతున్నాడని కూడా అంది.

*

ఒకరోజు సాయంత్రం అంజమ్మ రాగిజావ పట్టుకుని వెళ్లేసరికి ల్యాప్‌టాప్ రజని ఒళ్లో ఉంది. కమలాకర్ స్నానానికి పోయిన సందు చూసి తీసుకుంది. వీడియో ఎక్కడ దాచాడో వెతికి పెట్టుకుంది. తెర మీద ఆకుపచ్చ చీర, పూలు, లడ్డూలు. ఆమె సౌండు మీట నొక్కుతోంది, మళ్లీ నొక్కుతోంది. చెవి తెరకు ఆనించి చూసింది.

కమలాకర్ తువ్వాలుతో వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"బంద్ ఉండె" అన్నాడు. "సౌండు బందుండె రజనీ. ఇన్నేండ్ల సంది బందే ఉన్నది. నేను సూడలే."

అంజమ్మ జావ కింద పెట్టింది. "కొట్టవే వీన్ని! తిట్టరాకపోతె చేత్తోనన్న కొట్టు. ఊకె కూసుంటవేందే?"

రజని కొట్టలేదు. తెర మీద తన పెదాల మీద వేలు పెట్టింది. తర్వాత అదే వేలు మొగుడి చెవికి చూపించింది. నువ్వక్కడే ఉన్నావు కదా, విన్నావు కదా అని.

కమలాకర్ తల అడ్డంగా ఊపాడు. "నాకేం యాదికి లేదు. నేను నీ ముక్కుపుడకనే సూస్తుంటి."

ఆమె మెడ దగ్గరి గుడ్డ ఊపిరికి లేచి పడింది. తర్వాత మంచం మీద పక్కన చెయ్యి కొట్టింది, కూర్చో అని. వీడియో మొదటికి తిప్పింది. తెర మీద రజనితో పాటు గదిలో రజని కూడా పెదాలు కదపడం మొదలుపెట్టింది.

కమలాకర్ తెర చూడలేదు. ఆమె పెదాలే చూశాడు.

"సిరిసిల్లనా?"

ఆమె తల ఊపింది.

"సిరిసిల్లల... మీ నాయిన... కాదా? మీ అమ్మ? సాంచ! సాంచ కాడ... నన్ను సూసినవా? పెండ్లి సూపులప్పుడా?"

ఆమె గట్టిగా తల ఊపింది. చేతులతో కూడా చూపిస్తోంది. అతను ఒక్కో మాటా తడుముకుంటూ అడుగుతున్నాడు. సాంచాల మోతలో అతనేదో అన్నాడట, ఆమెకు వినబడలేదట, అయినా సరే అని తల ఊపిందట. అక్కడిదాకా వచ్చేసరికి తెర మీద ఆమె నవ్వి ముందుకు వంగింది, మొహం మసకైంది. వెంటనే ఉలిక్కిపడి వెనక్కి జరిగి తిన్నగా కూర్చుంది. అతను కదలకు అన్నది అప్పుడే.

గదిలో రజని పెదాలు కూడా అక్కడే ఆగాయి.

"తర్వాత?" అన్నాడు కమలాకర్. "తర్వాతేమన్నవే?"

ఆమె తెరవైపు చూసింది. అందులో ఆమె మాట్లాడుతూనే ఉంది, వేలు చూపిస్తోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఇటు రజని మాత్రం కదల్లేదు. ఆమెకూ గుర్తు లేదో, మళ్లీ చెప్పాలనిపించలేదో. అంజమ్మ కూడా ఇప్పటివరకు దీనికి తన సొంత ముక్క ఒక్కటి అతికించలేదు. రజని మెల్లగా తల అడ్డంగా ఊపిందంతే.

"ఒక్క ముక్క చెప్పవే. మసకైనా ఫరవాలేదు."

ఆమె కళ్లు మూసుకుంది. తెర మీద వీడియో అట్లాగే నడుస్తోంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. చివరికి తెర మీది రజని చేతులు తిప్పి చాలంది, తెర నల్లగా అయిపోయింది.

"జావ సల్లారింది" అంది అంజమ్మ గిన్నె తీసుకుంటూ. "ఎచ్చ వెట్టుకొస్త ఉండు."